వైపర్ పనికి పర్యావరణ పాఠమెందుకు అన్నవారికి

కృష్ణపట్నం, జువ్వలదిన్నె, కొత్తపట్నం ప్రాంతాల్లో ఓడ ఉద్యోగాలకు సిద్ధమయ్యే కుర్రవాళ్ల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. జీపీ రేటింగ్ (ఓడలో డెక్కు, ఇంజిన్ రూమ్ పనులు చేసే కింది సిబ్బంది కోర్సు; ఇంజిన్ రూమ్‌లో తుడుపు, సాయం పనులు చేసేవాడే వైపర్) చదివేవాడికి పర్యావరణ పాఠాలు దండగనీ, అవి ఆఫీసర్ల వ్యవహారమనీ, కోర్సుకు అదనపు బరువనీ, ఓడలు ఎప్పటికీ డీజిల్‌తోనే నడుస్తాయనీ దాని సారాంశం. ఫీజు కట్టే తండ్రుల కష్టం చూసి రాసినట్టుంది గనుక ఉద్దేశాన్ని తప్పుపట్టను గానీ, వాదన నిలవదు.

ఆఫీసర్ల వ్యవహారమన్నది అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ఇంజిన్ రూమ్ అడుగున చేరే బిల్జ్ నీటిలో నూనె పది లక్షల పాళ్లకు 15 పాళ్లు మించితే సముద్రంలోకి వదలరాదని ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ చెబుతుంది. నిర్ణయం ఇంజనీరుదే అయినా, వాల్వు తిప్పే చెయ్యి, పైపు బిగించే చెయ్యి చాలాసార్లు వైపర్‌దే. దొంగ పైపుతో నూనె నీరు వదిలి కప్పిపుచ్చిన కేసులో విహార నౌకలు నడిపే ప్రిన్సెస్ క్రూయిజ్ సంస్థ 2016లో నేరం ఒప్పుకొని 4 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. ఆ గుట్టు బయటపెట్టింది కొత్తగా చేరిన ఒక ఇంజనీరు. ఇటువంటి కేసుల్లో కింది సిబ్బంది కూడా సాక్షులుగా పరాయి రేవులో నెలల తరబడి చిక్కుకుపోవచ్చు. పైవాడు చెప్పాడు, నేను బిగించాను అన్న జవాబు అక్కడ పెద్దగా ఆదుకోదు.

అంత దూరం పోనక్కరలేదు. కృష్ణపట్నంలో బొగ్గు దించాక హోల్డు (ఓడలో సరుకు నింపే గది) మూలల్లో మిగిలిన దుమ్మును ఊడ్చి కడిగేది రేటింగులే. హాని లేని సరుకు అవశేషాలనైనా తీరానికి 12 నాటికల్ మైళ్లలోపు (సుమారు 22 కిలోమీటర్లు) వదలకూడదు. మన మత్స్యకారుల వలలు ఎక్కువగా పడేది ఆ నీటిలోనే.

అదనపు బరువన్న మాటకు జవాబు చిన్నది: నావికులందరికీ తప్పనిసరి అయిన ప్రాథమిక భద్రతా శిక్షణలో సముద్ర కాలుష్య నివారణ ముందునుంచీ ఉంది.

ఇక డీజిల్ సంగతి. ఓడ ఇంధనంలో గంధకం పరిమితి 2020 జనవరి 1న 3.50 శాతం నుంచి 0.50కి దిగింది. గ్యాస్ ఇంధనపు ఓడల సిబ్బందికి 2017 నుంచే ప్రత్యేక శిక్షణ తప్పనిసరి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2050 ప్రాంతానికి నికర శూన్య ఉద్గారాలను లక్ష్యంగా పెట్టుకుంది. ఈ ఏడాది 19 ఏళ్లకు ఓడ ఎక్కేవాడు అప్పటికి నడివయసులో, ఇంకా ఉద్యోగంలోనే ఉంటాడు.

సందేశంలో ఒక ఫిర్యాదు మాత్రం న్యాయమైనది: పాఠం తెరమీద బొమ్మలతో ముగిసిపోతోందని. బిల్జ్ నీటి నుంచి నూనె వేరుచేసే యంత్రాన్ని వర్క్‌షాపులో విప్పి చూపించి, కుర్రవాడిచేతనే మళ్లీ బిగింపజేయమని శిక్షణ సంస్థను అడగవలసినవారు ఆ ఫీజు కడుతున్న తండ్రులే.