తొట్టి తేటపడేదాకా

కొత్త చేపల తొట్టి పెట్టిన మూడో రోజు పొద్దున్నే మా అబ్బాయి నిద్రమొహంతో దాని ముందు నిలబడి, "నాన్నా, చేపల్ని ఎవరు చెరిపేశారు?" అని అడిగాడు.

వెళ్లి చూద్దును కదా, 60 లీటర్ల నీళ్లూ తెల్లగా పాలు కలిపినట్టున్నాయి. ఆరు గప్పీల్లో ఒక్కటీ కనపడదు. ఉండుండి ఓ తోక ముక్క అద్దం దాకా వచ్చి మళ్లీ మబ్బులోకి వెళ్లిపోతోంది.

"ఒరేయ్, నిజం చెప్పు. ఇందులో పాలు పోశావా?"

"నేను పొయ్యలేదు. నువ్వే పోసుంటావ్."

మా ఆవిడ లోపల్నుంచే తీర్పు చెప్పింది. "పోయి ఓ హంసని కూడా తెచ్చి వదలండి. పాలేవో నీళ్లేవో అదే తేలుస్తుంది."

నాకైతే అనుమానం గులకరాళ్ల మీదికి పోయింది. కొత్త రాళ్లను కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలట. నేను చెయ్యి నొప్పి పుట్టేదాకా కడిగాను. ఈ రెండూ ఒకటి కాదని ఒప్పుకుంటాను. కానీ రాళ్ల దుమ్మయితే నింపిన గంటలోనే బయటపడాలి, రెండు రోజులు ఆగి రావడానికి దానికేం ముహూర్తం కావాలా? ఈ ప్రశ్న నాకు అప్పుడు తట్టి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. తట్టలేదు. నీళ్లన్నీ తోడి పారబోసి, కుళాయి నీళ్లు నింపాను. పనిలో పనిగా ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద పెట్టి, బ్రష్షుతో రుద్ది, పిండి, మళ్లీ రుద్ది, కొన్ననాటి కంటే శుభ్రంగా తయారుచేశాను. ఆ స్పాంజిని చూసి నాకే ముచ్చటేసింది.

రెండు రోజులు తేట. మళ్లీ పాలు. మళ్లీ తోడాను, మళ్లీ రుద్దాను. మూడోసారికి నడుం పట్టేసి బావమరిదికి ఫోన్ చేశాను. వాడు పదేళ్లుగా చేపలు పెంచుతున్నాడు. ఆ సంగతి మాకు చెప్పని రోజు లేదు కాబట్టి, అందాకా వాణ్ని అడక్కుండా నెట్టుకొచ్చాను.

"బావా, స్పాంజి కడిగావా?"

"తళతళలాడేట్టు."

అవతల ఓ నిట్టూర్పు వినపడింది. ఇంట్లో ఎవరో పోయారని చెబితే వచ్చేలాంటి నిట్టూర్పు.

వాడు చెప్పిందాని సారాంశం ఇది. చేపల రెట్టలోంచి, తినకుండా మిగిలిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేట్ చేస్తే, అప్పటికి చేపలు కాస్త ఊపిరి పీల్చుకుంటాయి. ఈ రెండు రకాలూ వచ్చి స్పాంజిలో, రాళ్లలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తెల్ల మబ్బు మటుకు వేరే జాతి బ్యాక్టీరియా. కొత్త తొట్టిలో కుళ్లేది దొరికితే చాలు, గుంపులు గుంపులుగా పుట్టుకొచ్చి, తిండి అయిపోగానే వాటంతటవే సద్దుమణుగుతాయి.

"నువ్వేమో వాళ్లు మూటాముల్లె దించుకునేలోపే క్లోరిన్ నీళ్లతో ఊరు మొత్తం కడిగేస్తున్నావ్. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ఓసారి పిండి పెట్టెయ్యి బావా. నీళ్లు వారానికి పావు వంతు మార్చు, అదీ క్లోరిన్ విరిగే మందు కలిపి. మిగతా టైంలో ఏమీ చెయ్యకు."

"ఏమీ అంటే?"

"ఏమీ."

ఏమీ చెయ్యకపోవడం ఎంత కష్టమైన పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. రోజుకు పదిసార్లు తొట్టి దగ్గరికి వెళ్లడం, చేతులు వెనక్కి కట్టుకోవడం, వెనక్కి రావడం. మా ఆవిడ కొన్నాళ్లు నన్ను సోఫా అటు చివరకు మార్చి కూర్చోబెట్టింది. పదకొండో రోజున మబ్బు విడిపోయింది. ఆరు చేపలూ ఉన్నాయి. అవి బతికి ఉండటం వాటి గొప్పతనమే తప్ప నాదేం లేదు.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? తొట్టి తేటపడిన సంబరంలో అడవిలోంచి కొట్టుకొచ్చినట్టుండే ఓ డ్రిఫ్ట్‌వుడ్ మొద్దు తెచ్చి వేశాను. మొద్దు మునగలేదు. కొయ్య నీళ్లు పీల్చుకునేదాకా తేలుతుందట. నేను నొక్కితే మునుగుతుంది, చెయ్యి తీస్తే లేస్తుంది. చివరికి దాని నెత్తిన ఓ రాయి పెట్టాను. నాలుగు రోజులకి నీళ్లు డికాషన్ రంగుకి దిగాయి.

"తుప్పేమో" అన్నాను.

"ఇనుమెక్కడుందండీ అందులో?" అంది ఆవిడ.

నేను నీళ్లు నమిలాను. ఈసారి బావమరిది తెల్ల బకెట్‌లో కాసిని నీళ్లు తీసి చూడమన్నాడు. అద్దం వెనక గోడ రంగూ లైటు రంగూ కళ్లను మోసం చేస్తాయి, తెల్ల బకెట్ మోసం చెయ్యదట. చూశాను. నీళ్లు తేటగానే ఉన్నాయి, రంగు మాత్రం గోధుమ. కొయ్యలోని టానిన్లు, అంటే రంగు దిగే పదార్థాలు, నీళ్లలోకి దిగాయన్నమాట.

"కంగారు పడకు, వాటికేం కాదు. దక్షిణ అమెరికాలో రియో నీగ్రో అని నదుంది, ఆ నీళ్లెప్పుడూ ఇదే రంగు. ఈ రంగు కోసమే ఎండిన బాదం ఆకులు తెచ్చి మరీ వేసుకునేవాళ్లున్నారు తెలుసా?"

తెలియదు. తెలిసినా మా ఆవిడకు చెప్పే ధైర్యం లేదు. కాబట్టి మొద్దును ఉడకబెట్టాలి. మా ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెకన్నా అది జానెడు పొడుగు. ఓ గంట తల ఉడికించి, తిప్పి, ఓ గంట కాళ్లు ఉడికించాను. నీళ్లు నల్లబడినప్పుడల్లా పారబోసి మళ్లీ. వంటింట్లో ఆ వాసనకు ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఉడికిందో లేదో చెంచాతో నొక్కి చూడండి" అని వెళ్లింది. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి కూడా పెట్టాను. అది రంగును పీల్చేస్తుంది, ఇందులో మాత్రం నా తప్పేమీ లేదు.

తప్పు ఇంకో చోట జరిగింది. రంగు తగ్గిందో లేదో సరిగ్గా కనపడాలని తొట్టిని కిటికీ దగ్గరికి మార్చాను. 60 లీటర్లంటే 60 కిలోలు, అద్దం బరువు వేరే. సగం తోడి, నేనూ ఆవిడా చెరో పక్క పట్టుకుని, మా అబ్బాయి "జాగ్రత్త జాగ్రత్త" అంటుంటే జరిపాం. వారం తిరిగేసరికి నీళ్లు పచ్చబడ్డాయి. ముందు లేత చిగురు రంగు, తరవాత ముదురు. ఎదురుగా బకెట్ పెట్టుకుని చూడాల్సిన అవసరం లేకుండానే తెలుస్తోంది.

ఫోన్ ఎత్తగానే బావమరిదే అడిగాడు. "ఎండ పడుతోందా?"

"కొంచెం."

"మేత ఎవరేస్తున్నారు?"

ఇక్కడ మా ఇంటి రహస్యం ఒకటి బయటపడింది. పొద్దున నేను వేస్తున్నాను. మధ్యాహ్నం, "పాపం, నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి" అని ఆవిడ వేస్తోంది. బడినుంచి రాగానే వాడు వేస్తున్నాడు. చేప ఎప్పుడు చూసినా ఆకలిగానే కనిపిస్తుంది, అది దాని మొహం తీరు. రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలట. మేమేమో పెళ్లివారికి వడ్డించినట్టు వడ్డించాం. ఆ మిగులంతా కుళ్లి నైట్రేట్, ఫాస్ఫేట్ అయి, పైన ఎండ తోడై, కంటికి ఆనని నాచు నీళ్లంతా తేలుతోంది. స్పాంజిలోంచి దూరిపోయేంత సన్నం, నీళ్లు మారిస్తే రెండు రోజుల్లో మళ్లీ అంతవుతుంది. దానికి తేలికైన మందు చీకటి.

తొట్టిని మళ్లీ గోడవారకు జరిపాం. నాలుగు రోజులు లైటు లేదు, మేత లేదు. గాలి పంపు మాత్రం ఆపకూడదు. పైనుంచి కిందిదాకా దుప్పటి చుట్టేశాం. హాల్లో అంత పెద్ద మూట ముసుగేసుకుని బుడబుడమంటూ ఉంటే, ఇంటికొచ్చినవాళ్లు కూర్చోవడానికి తటపటాయించారు. ఒకాయన గొంతు తగ్గించి, "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. మా వాడు రోజూ రాత్రి దుప్పటికి నోరానించి, "భయపడకండి, నాన్న బాగుచేస్తున్నాడు" అని చెప్పేవాడు. అది వాటికి ధైర్యమో బెదిరింపో నాకిప్పటికీ తెలియదు.

ఐదో రోజు దుప్పటి తీశాను.

అంత తేట నీళ్లు నేను కుళాయిలో కూడా చూడలేదు. అవతలి గోడ మీద మేకు కనపడుతోంది. చచ్చిన నాచు కుళ్లకుండా పావు వంతు నీళ్లు మారుద్దామని సైఫన్ గొట్టం ముంచబోతుంటే, మా వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాన్నా, కళ్లున్నాయి."

మొద్దు నీడలో రెండేసి నల్ల చుక్కలు కదులుతున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో జంట చుక్కల వెనక వెంట్రుకంత తోక. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి, దాదాపు నెలకోసారి. నేను రంగులతో కుస్తీ పడుతుంటే అవి వాటి సంసారం అవి చేసుకున్నాయి. పదకొండు లెక్కపెట్టాడు వాడు. నాకు తొమ్మిదే కనపడ్డాయి.

లెక్క తేల్చుకునేలోపు ఓ పెద్ద గప్పీ తీరుబడిగా వచ్చి, ఒక చుక్కల జంటను మింగేసి వెళ్లింది. సొంత పిల్లల్నే తింటాయవి. ఇన్నాళ్లూ పచ్చనీళ్ల చాటున కనపడక బతికాయి. నీళ్లలోని సూక్ష్మజీవులే వాటికి తిండి కూడానట. ఇప్పుడు చాటూ లేదు, మేతా లేదు. అన్నీ తేటతెల్లంగా కనపడుతున్నాయి, మనకూ, ఆ తల్లికీ.

మా ఆవిడ కాసేపు తొట్టి వంక చూసింది, కిటికీ వంక చూసింది, నా వంక చూసింది.

"ఏవండీ, ఆ చివర మీరు పట్టుకోండి."