కిలో ముప్పై దాకా మిత్రదేశం

అంతర్జాతీయ వాణిజ్యం గురించి సాధికారికంగా మాట్లాడాలంటే మనిషికి టీ తాగేంత తీరిక ఉండాలి, చేతిలో ఫోను ఉండాలి, ఎక్కడా సెంటు పొలం ఉండకూడదు. ఈ అర్హతలన్నీ నిండుగా ఉన్న మా బావగారు తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ బయట టీ బల్ల మీద కూర్చుని కొన్నేళ్లుగా భారత్, బంగ్లాదేశ్ సంబంధాలను పర్యవేక్షిస్తున్నారు. జీతం లేదు. టీ డబ్బులు నేనే ఇస్తాను.

ఆయన పక్కన కూర్చుని కూర్చుని నేను కనిపెట్టిన సూత్రం ఒకదాన్ని దేశం ముందు పెట్టడానికే ఈ వ్యాసం. పొరుగు దేశం మీద జనానికి అభిప్రాయం ఎలా ఏర్పడుతుందంటే చదువుకున్నవాళ్లు చరిత్ర, సరిహద్దులు, నదీజలాలు అంటూ ఏవేవో చెబుతారు. అంత శ్రమ అక్కర్లేదు. తోపుడు బండి మీద అట్టముక్కకి రాసిన ధర చూస్తే చాలు. ఉల్లిపాయలు కిలో ముప్పై లోపు ఉంటే బంగ్లాదేశ్ మనకి మిత్రదేశం, తమ్ముడి లాంటిది. "1971లో మనం లేకపోతే వాళ్లెక్కడ బావా!" ముప్పై నుంచి అరవై దాకా తటస్థ దేశం. అరవై దాటితే, "మనకే లేక ఏడుస్తుంటే వాళ్లకి పంపడమేంటి, అసలు?" నూరు దాటిన రోజున ఆయన సరిహద్దు కంచె ఎత్తు ఎంతో నన్ను అడిగారు.

ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు కదా. నిజమే. కానీ ఆ తల్లి పక్కింటికి వెళ్లి కూడా వండి పెడుతోందని తెలిస్తే ఏ బిడ్డా ఊరుకోడు.

2019 సంగతి చూడండి. వానలకి మహారాష్ట్రలో పంట పాడై ధర లేచింది. సెప్టెంబరు 29న కేంద్రం ఉల్లి ఎగుమతులు ఆపేసింది. సరిగ్గా ఆ వారంలోనే బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢిల్లీ వచ్చారు. ఉల్లి లేకుండా వండమని మా వంటవాడికి చెప్పేశానని వ్యాపారుల సభలో నవ్వుతూ హిందీలో అన్నారు. ఆపేముందు ఒక్క మాట చెబితే వేరేచోట చూసుకునేవాళ్లం కదా అని కూడా అన్నారు. సభ నవ్వింది. నవంబరుకి ఢాకాలో కిలో 200 టాకాలు దాటింది. విమానాల్లో ఉల్లి తెప్పించుకున్నారు. మా వీధిలో ఇప్పటికీ విమానం ఎక్కనివాళ్లు సగంమంది ఉన్నారు.

ఆ వార్త వచ్చిన పూట బావగారు "దెబ్బ అంటే అదీ!" అని బల్ల చరిచారు. రెండు గ్లాసుల టీ ఒలికింది. దీనివల్ల మనకి ఒరిగిందేమిటని అడిగాను. "వాళ్లకి తెలిసొచ్చింది" అన్నారు. ఏం తెలిసొచ్చిందో నాకు అర్థం కావడానికి ఆరేళ్లు పట్టింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

డిసెంబరుకి మనకే తెలిసొచ్చింది. కర్నూలు మార్కెట్లో క్వింటా పది వేలు దాటింది. రైతు బజార్లలో ప్రభుత్వం కిలో 25కి ఇస్తుంటే జనం తెల్లారకముందే వెళ్లి చెప్పులు వరసలో పెట్టి పక్కన కూర్చునేవారు. మనిషికి ఒక్క కిలో. బావగారు ఇంటిల్లిపాదినీ తలో లైన్లో నిలబెట్టారు, ఎనభై దాటిన అత్తగారితో సహా. అదే నెలలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ తాను ఉల్లి, వెల్లుల్లి పెద్దగా తినననీ, వాటిని అంతగా పట్టించుకోని కుటుంబం నుంచి వచ్చాననీ పార్లమెంటులో చెప్పారు. అక్కడ ప్రధాని కూరలో ఉల్లి మానేశారు, ఇక్కడ మంత్రిగారికి మొదట్నుంచీ అలవాటే లేదు. రెండు ప్రభుత్వాల మధ్య ఇంత ఏకాభిప్రాయం నదీజలాల మీద ఇంతవరకు కుదరలేదు.

ధర దించడానికి మనం కూడా టర్కీ, ఈజిప్టుల నుంచి ఉల్లి తెప్పించాం. మా ఆవిడ వాటిలో ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. అరకిలోకి రెండే తూగాయి. సగం కోసి పులుసులో వేసింది. ఘాటు లేదు, వాసన లేదు. "దీనికంటే ముల్లంగి నయం" అని మిగతా సగం పక్కన పెట్టేసింది. దేశమంతా అదే మాట అనుకున్నట్టుంది. ముందు కావాలన్న రాష్ట్రాలే తర్వాత వద్దు మహాప్రభో అన్నాయి. సరుకు పేరుకుపోయింది. 2020 జనవరిలో ఆ ఉల్లిపాయలు మీరు కొనుక్కుంటారా అని కేంద్రం ఎవరిని అడిగిందో చెప్పుకోండి. బంగ్లాదేశ్‌ని! మూడు నెలల కింద మా ఇంట్లో లేవు పొమ్మన్నవాళ్ల గుమ్మానికే, ఎవరింటి నుంచో తెచ్చుకుని మనకి సయించని పులుసు గిన్నె పట్టుకుని వెళ్లాం.

"చూశావా మన మంచితనం" అన్నారు బావగారు.

కృష్ణాపురం ఉల్లి పేరు ఎప్పుడైనా విన్నారా? కడప జిల్లా వాళ్లు కాకపోతే విని ఉండరు, ఎందుకంటే అది మన ఇళ్లలో ఎవరూ వండరు. చిన్న గడ్డ, మన నోటికి మించిన ఘాటు. సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ వాళ్లు ఇష్టంగా తింటారు. అంటే కడప రైతు పొలంలో నారు నాటేటప్పుడే ఆ మొక్క సముద్రం వైపు తిరిగి ఉంటుంది. 2020 సెప్టెంబరు 14న కేంద్రం మళ్లీ ఎగుమతులు ఆపినప్పుడు దీన్నీ ఆపేసింది. బంగ్లాదేశ్ సరిహద్దు దగ్గర లారీల్లో నాసిక్ ఉల్లి కుళ్లుతుంటే, ఇక్కడ కడప జిల్లాలో భారతీయుడు తినని ఉల్లిపాయని భారతీయుడి కోసం భద్రం చేశారు. ఇరవై అయిదు రోజుల తర్వాత, అక్టోబరు 9న, సరే 10,000 టన్నుల దాకా చెన్నై రేవు నుంచి పంపుకోండి అన్నారు. ఆ ఇరవై అయిదు రోజులూ ఆ గడ్డలు ఎవరి ఆహార భద్రత కాపాడాయో నాకు తెలియలేదు గానీ బావగారికి తెలుసు. "ఇవాళ అది వెళ్తే రేపు ఇది వెళ్తుంది. నువ్వు ముందుచూపుతో ఆలోచించవు, అదే నీతో టెన్షన్."

సుంకం అంటే బయటి సరుకు లోపలికి రాకుండా వేసేదని చిన్నప్పుడు చదువుకున్నాను. 2023 ఆగస్టులో మన ఉల్లి బయటికి పోకుండా మన మీద మనమే 40 శాతం వేసుకున్నాం. డిసెంబరు 8న మొత్తానికే ఆపేశాం. 2024 మే 4న, ఎన్నికల మధ్యలో, టన్ను 550 డాలర్లకి తగ్గకూడదనే షరతుతో తెరిచాం, 40 శాతం సుంకం అలాగే ఉంచి. సెప్టెంబరులో దాన్ని 20 చేశాం. 2025 ఏప్రిల్ 1న సున్నా. మా ఊళ్లో రైల్వే గేటు కూడా ఇలాగే పడుతూ లేస్తూ ఉంటుంది. కాకపోతే అక్కడ రైలు వెళ్లడానికి గేటు వేస్తారు, ఇక్కడ రైలు వెళ్లకుండా వేస్తారు.

ఆ 2023లోనే జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి కూడా ఆగింది. బావగారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఆ వారాంతం ఇండియన్ స్టోర్ క్యూలోంచి వీడియో కాల్ చేశాడు. ట్రాలీలో ఆరు సోనా మసూరి బస్తాలు, వెనకాల ఎవరో తెలుగులోనే తోసుకుంటున్నారు. "నాన్నా, మనవాళ్లకి బుద్ధుందా? చెప్పాపెట్టకుండా ఆపేస్తే ఇక్కడున్నవాళ్లం ఏం తినాలి?" బావగారు చాలాసేపు మాట్లాడలేదు. ఎగుమతి ఆపితే అవతల కంచం ముందు కూర్చున్నవాడి గతేంటని ఆయన జీవితంలో మొట్టమొదటిసారి ఆలోచించిన రాత్రి అది. షేక్ హసీనా ఢిల్లీలో అన్న మాటా, ఈ అబ్బాయి అన్న మాటా ఒకటే కదా అని నేను మెల్లగా గుర్తు చేశాను. తెల్లారేసరికి ఆయన తేరుకున్నారు. "మనవాళ్లు వేరు, బావా."

ఇక 2025. గేటు బార్లా తెరిచి ఉంది, సుంకం లేదు. అయితే బంగ్లాదేశ్ వాళ్లు ఈలోపు సొంతంగా పండించుకోవడం మీద పడ్డారు. తమ రైతుకి ధర పడిపోకూడదని దిగుమతి అనుమతులు బిగపట్టారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో కర్నూలు ఉల్లి మార్కెట్ మీదికి వచ్చేసరికి ధర కుప్పకూలింది. రాష్ట్ర ప్రభుత్వం క్వింటా రూ.1,200కి కొంటామంది, తర్వాత హెక్టారుకి రూ.50,000 ఇస్తామంది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున కర్నూలు నుంచి లారీ వేసుకుని వచ్చిన రైతు ఒకాయన మా మార్కెట్లో తన బస్తాల మీదే కూర్చుని ఉన్నాడు. అడుగున బస్తా తడిసి నల్లబడింది. కమీషన్ షాపు గుమాస్తా వచ్చి, మూతి కుట్టు విప్పి, ఒక గడ్డ తీసి మెడ దగ్గర బొటనవేలితో నొక్కాడు. లోపలికి దిగింది. "నీరు పట్టింది" అని గడ్డ బస్తాలో పడేసి, వేలు పంచెకి తుడుచుకుని, ఓ ధర చెప్పి వెళ్లిపోయాడు. అది లారీ కిరాయికి కూడా చాలదు. రైతు ఏమీ అనలేదు. కుట్టు మళ్లీ వేయడానికి పురికొస ముక్క కోసం వెతుక్కుంటున్నాడు.

బావగారు ఇలాంటి సందర్భాల్లో ఓదార్చకుండా ఉండలేరు. "బంగ్లాదేశ్ వాళ్లకి విశ్వాసం లేదయ్యా. లేకపోతే నీకీ గతి పట్టేది కాదు."

"ఎర్రగడ్డ నాకాడ ఉన్నప్పుడు పంపొద్దంటిరి. ఇప్పుడు పంపుకోమంటాండారు" అన్నాడు ఆయన. "కొనేటోడు యాడుండాడు సార్?"

"అదేనయ్యా నేననేది. మన ఉల్లి తిని పెరిగినవాళ్లు, వాళ్లకి ఆ మాత్రం..."

"వాళ్లకీ రైతులుంటారు గదా సార్."

టీ బల్ల చరిత్రలో బావగారికి మాట దొరకని రెండో సందర్భం అది. ఆరేళ్ల కింద వాళ్లకి తెలిసొచ్చిందని ఆయన అన్నదేమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఇక ఉల్లికి బదులుగా వాళ్ల చేతిలో ఏమీ లేదనుకోకండి. చేప ఉంది. 2012 నుంచి హిల్సా ఎగుమతిని బంగ్లాదేశ్ ఆపేసింది. దుర్గాపూజ దగ్గరపడ్డప్పుడు మాత్రం కొన్నేళ్లుగా ఇంత అని వదులుతోంది. 2024లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం ఈసారి లేదు పొమ్మంది, మళ్లీ మనసు మార్చుకుని 3,000 టన్నులంది. 2025లో 1,200 టన్నులు. పండగ పూట కోల్‌కతా మొత్తం ఢాకా వైపు చూస్తూ కూర్చుంటుంది. కిలో ముప్పై సూత్రం అక్కడ చేప మీద నడుస్తుందన్నమాట.

బెంగాలీల గొడవ మనకెందుకని అనకండి. వాళ్ల ఇలిష్షే మన ఇలస, అది గోదావరికి ఎదురెక్కితే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కట్టుకున్న జిల్లాలివి. బావగారు పోయిన సీజన్లో పుస్తెలైతే అమ్మలేదు గానీ అక్కయ్యతో మాట పడి ఒక పులస తెచ్చారు. దాకలో పులుసు పెట్టించి, రాత్రంతా ఊరనిచ్చి, మర్నాడు నన్ను పిలిచి ముక్క వడ్డించారు. "ఎర్రనీటి రుచి, బావా. గోదారి తల్లి తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు." అమ్మినతను నాకు తెలిసినవాడే. వాడి ఐసు పెట్టెకి హౌరా నుంచి వచ్చిన పార్శిల్ చీటీ అంటించి ఉండటం నేను కళ్లారా చూశాను. హౌరాకి ముందు ఆ చేప ఏ దేశపు నీళ్లలో ఈదిందో ఎవరు చెప్పగలరు? నేను రెండో ముక్క వేయించుకున్నాను.

అదే 2025లో మిగతా తలుపులు కూడా ఒక్కొక్కటే పడ్డాయి. వాళ్ల సరుకు మన నేల మీదుగా మూడో దేశానికి పోయే వసతిని ఏప్రిల్లో మనం తీసేశాం. మన నూలు భూమార్గంలో రావద్దని వాళ్లన్నారు. వాళ్ల రెడీమేడ్ బట్టలు ఓడ మీదే రావాలని, అదీ కోల్‌కతా, ముంబై పక్కనున్న నవా శేవా రేవుల్లోనే దిగాలని మే 17న మనం అన్నాం. జూన్‌లో వాళ్ల జనపనారకి కోల్‌కతా కూడా లేదు, నవా శేవా ఒక్కటే. జనపనార మిల్లులేమో కోల్‌కతా చుట్టుపక్కల ఉన్నాయి. బెనాపోల్ సరిహద్దు నుంచి అక్కడికి పట్టుమని వంద కిలోమీటర్లు లేదు. ఆ కట్ట ఇక శ్రీకాకుళం, కాకినాడ, నెల్లూరు ముందు నుంచి మనకి చెయ్యి ఊపుకుంటూ వెళ్లి, శ్రీలంకని చుట్టి తిరిగి, ముంబై పక్కన దిగాలి. ఎదురింటివాడిని దొడ్డిదారిన రమ్మనడం విన్నాం గానీ, ఊరంతా తిరిగి రమ్మనడం ఇదే చూడటం.

ఇంత చూశాక ప్రభుత్వానికి నా వినతి ఒక్కటే. ఢాకాలో హైకమిషనర్ గారి పక్కన ఓ కాటా పెట్టించండి. కిలో ధర ముప్పై లోపు ఉన్నప్పుడు మిఠాయి పెట్టె పంపండి, అరవై దాటగానే నిరసన లేఖ ఇవ్వండి. నిపుణుల కమిటీలు, చర్చలు దండగ. బావగారిని సలహాదారుగా వేసుకుంటే ఇంకా మంచిది, ఆయన టీ ఖర్చైనా నాకు తప్పుతుంది.

ఈ మాట రాస్తుండగానే వీధిలో బండి కేక వినపడింది. మా ఆవిడ గుమ్మంలోకి వెళ్లింది.

"ఎక్కడివి?"

"కర్నూలువమ్మా, కొత్త గడ్డ. కిలో ఇరవై."

కాసేపు చప్పుడు లేదు. మెడ దగ్గర నొక్కి చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది.

"ఇవి రెండు రోజులకే కుళ్లిపోతాయి. నాసిక్‌వి లేవా?"

"ఉన్నాయమ్మా. నలభై."

"అవే ఇవ్వు, రెండు కిలోలు. ఏవండీ, చిల్లరుందా?"

చిల్లర ఉంది. ఇచ్చి వచ్చాను.