పొగకి బిల్లు ఎవరు కడుతున్నారు?

ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నానని తెలియగానే ఆఫీసులో ఒకటే పాట: "మా పన్నుల డబ్బుతో తిరుగుతున్నావన్నమాట!" వినీ వినీ ఒళ్లు మండిపోతోంది.

ఆ సబ్సిడీ ఎంతో తెలుసా అసలు? 2023 జూన్‌కి ముందు కేంద్రం బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కి 15 వేలు ఇచ్చేది. తర్వాత 10 వేలు చేశారు. 2025 ఏప్రిల్‌లో రెండున్నర వేలకి దించేశారు, అదీ బండికి మొత్తం ఐదు వేలు దాటకుండా. తెలంగాణలో రోడ్ ట్యాక్స్ మాఫీ కూడా ఉంది, దాచడం లేదు.

పెట్రోలు మీద మేమూ బోలెడు పన్ను కడుతున్నాం అంటారు. కడుతున్నారు, కాదనను. మరి పొగ సంగతేంటి? అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్ మాస్కు చూడండి, సాయంత్రానికి ముక్కు దగ్గర నల్లగా మరక కట్టి ఉంటుంది. పక్కన మిర్చి బజ్జీలు వేసే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతూనే పిండి కలుపుతుంది. ఆమెకి కారు లేదు, స్కూటరూ లేదు. ఇన్‌హేలర్ మాత్రం సొంత డబ్బుతో కొనుక్కోవాలి. ఇక ముడిచమురు 85 శాతానికి పైగా దిగుమతే. ఆ డాలర్ల భారం బండి లేనివాళ్ల మీదా పడుతుంది.

నా ఐదు వేలు బిల్లు మీద అచ్చయి కనిపిస్తాయి కాబట్టి అందరూ వేలెత్తి చూపిస్తారు. సబ్సిడీ తీసేయాలంటే తీసేయండి, కానీ ముందు ఆవిడ మందుల ఖర్చు పెట్రోలు బండి ధరలో కలపండి.