చూడకుండా పెట్టే సంతకం

ఏ ఆఫీసు మెట్ల మలుపులో చూసినా గోడకు ఎర్రటి సిలిండర్ ఒకటి వేలాడుతూ ఉంటుంది. నిప్పంటుకుంటే ఆర్పడానికి పెట్టింది. దాని మెడకు దారంతో చిన్న అట్టముక్క కట్టి ఉంటుంది. ఏ తేదీన తనిఖీ చేశారు, ప్రెషర్ సరిగా ఉందా, చూసినవారి సంతకం ఏది అని అందులో గడులుంటాయి. ఈసారి మెట్లెక్కేటప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆ అట్టను తిప్పి చూడండి. పన్నెండు నెలలకు పన్నెండు సంతకాలు ఉంటాయి. చాలాచోట్ల ఆ పన్నెండూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే ఊపులో గీకినట్టు కనిపిస్తాయి. జనవరి సంతకానికీ డిసెంబరు సంతకానికీ మధ్య ఆ మనిషి కుర్చీలోంచి లేవలేదని చూడగానే తెలిసిపోతుంది.

మేం పనిచేసే భవనంలోనే ఈమధ్య ఇలాంటి అట్ట ఒకటి మా కంటపడింది. పన్నెండు గడులూ నిండుగా ఉన్నాయి. గేజ్‌లో ముల్లు మాత్రం పచ్చ గీత దాటి ఎప్పుడో కిందికి పడిపోయింది. సిలిండర్ మార్పించాం. అక్కడితో ఆ విషయం వదిలేయడానికి మాత్రం మనసొప్పలేదు. ఏడాదంతా ఆ మెట్లమీద వందలమంది తిరిగారు, మేమూ తిరిగాం. ఆ సంతకాలను నమ్మే తిరిగాం.

మన దగ్గర పని సంస్కృతి మీద చర్చ మొదలైతే అది గంటల దగ్గరే ఆగిపోతోంది. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ మాట 90 గంటల దాకా వెళ్లింది. దేశమంతా వారాల తరబడి వాదించుకుంది. మనిషి ఒంటికి ఎంత పని తగునన్నది అవసరమైన చర్చే, కాదనం. కానీ ఆ గంటల్లో చేశామని రాసిన పని నిజంగా చేశారా లేదా అన్న ప్రశ్న ఆ గొడవలో ఎక్కడా వినిపించలేదు. ఉద్యోగ ధర్మం గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే మేం చెప్పేది ఇదే: చూసిందానికే సంతకం పెట్టాలి, చూడనిదాని కింద పెట్టకూడదు. సమయపాలన, మాట మర్యాద, తోటివారితో మెలిగే తీరు, ఇవన్నీ కావాల్సినవే. అయితే ఎంత మర్యాదస్తుడైనా చూడకుండా సంతకం పెడితే ఎవరో ఒకరి బతుకు మీదికి వస్తుంది.

చదువు రానివాళ్లను వేలిముద్రగాళ్లని చులకన చేయడం మనకు అలవాటు. బ్యాంకులోనో రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో వాళ్లను గమనించండి. బొటనవేలికి సిరా పూసుకునే ముందు పక్కనున్నవారిని ఆపి, "ఇందులో ఏం రాశారు బాబూ, ఒకసారి చదివి చెప్పు" అని అడుగుతారు. చదువుకున్నవాళ్లం అడగం. ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తే పెట్టేస్తాం. ఫైలు కట్టలోంచి పసుపు చీటీలు బయటికి కనిపిస్తుంటే ఒక్కో చీటీ దగ్గరా గీకుతూ పోతాం. దానికి మన భాషలో చక్కటి మాటే ఉంది, మమ అనిపించడం.

మమ అనిపించిన సంతకం ఎంతదూరం పోతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రాసిన లేఖ ఎన్నో ఇళ్లలో ఇంకా గుర్తుంది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ లేఖలో ఒప్పుకున్నారు. ఆ పుస్తకాల కింద ఏటేటా ఆడిటర్ల సంతకాలున్నాయి. బ్యాంకులో డబ్బుందా అని నేరుగా బ్యాంకునే అడగడం ఆడిట్‌లో ఓనమాలు. ఆ ఓనమాలే తప్పాయి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన 10 మందిలో ఇద్దరు ఆడిటర్లు. దీన్ని తవ్వుకునేటప్పుడు అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. కంపెనీలో ఉన్న సుమారు 50 వేలమందిలో ఎక్కువమంది, జీతం వస్తుందో రాదో తెలియని ఆ జనవరిలో కూడా రోజూ ఆఫీసుకొచ్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులు పూర్తిచేసి ఇచ్చారు. కొత్త యాజమాన్యం చేతికి కంపెనీ బతికి వెళ్లిందంటే ఆ పనివాళ్ల చలవే.

మందుల కంపెనీలది మరో కథ. జీడిమెట్ల నుంచి పరవాడ దాకా ఫార్మాలో చేరిన పిల్లలకు మొదటి రోజుల్లోనే నేర్పే పాఠం ఒకటుంది. పని ఎవరు చేస్తే వాళ్లే రాయాలి. చేసిన క్షణంలోనే రాయాలి. చిత్తు కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించకూడదు. తప్పు రాస్తే తెల్లరంగు పూయకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. కొట్టేసిన అంకె కూడా కనబడాలి. ఇంత పట్టింపు ఎందుకని కొత్తవాళ్లకు విసుగ్గానే ఉంటుంది. ఎందుకో 2022 నవంబరులో గుజరాత్‌లోని సానంద్ దగ్గర ఇంటాస్ ఫ్యాక్టరీలో తెలిసింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీదారులు వెళ్లేసరికి చింపేసిన రికార్డులతో నింపిన ప్లాస్టిక్ సంచులు దొరికాయి. చెత్తబుట్టలో పడేసిన త్రాసు స్లిప్పుల మీద ఒక ఉద్యోగి యాసిడ్ పోశారని కూడా తనిఖీ నివేదికలో రాశారు. ఆ ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగింది. క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్ అమెరికా వాడకంలో దాదాపు సగం అక్కడినుంచే వెళ్లేది. 2023లో అక్కడి డాక్టర్లు ఉన్న మందును ఏ రోగికి ఇవ్వాలి, ఎవరికి ఆపాలి అని లెక్కలు వేసుకోవాల్సి వచ్చింది. ఎక్కడో గుజరాత్‌లో చింపిన చిన్న కాగితం ముక్క ఇంకెక్కడో మంచంమీద ఉన్న మనిషికి తగిలింది.

అంత దూరం ఎందుకు, మన పొలాల దగ్గరికే వద్దాం. రెవెన్యూలో అజమాయిషీ అనే పాత మాట ఉంది. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో గట్టుమీదికెళ్లి కంటితో చూసి అడంగల్‌లో, అంటే ఊరి పంటల లెక్కల పుస్తకంలో ఎక్కించడం. రచ్చబండ మీద కూర్చుని, నిరుడు రాసిందే ఈ ఏడూ ఎక్కించేసిన అజమాయిషీలు మన ఊళ్లకు కొత్తకాదు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పంటల నమోదుకు ఈ-క్రాప్ ఉంది. సిబ్బంది పొలంలో నిలబడి ఫోటో తీయాలి, రైతు వేలిముద్ర వేయాలి. నిజాయతీగా మండుటెండలో గట్లెంబడి తిరిగే సిబ్బంది ఎందరో ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. కానీ రోడ్డు పక్కన నిలబడి దూరంగా ఉన్న చేలన్నిటినీ ఒకే గాటన కట్టేసే చోట ఏమవుతుంది? మిరప వేసిన చోట వరి అని పడుతుంది. కౌలుకు చేసేవాడి పేరు బదులు పట్నంలో ఉన్న ఆసామి పేరు ఎక్కుతుంది. తుపానొచ్చి చేను నీళ్లపాలయ్యాక ఆ కౌలు రైతు ఆఫీసుకు వెళ్తే, మీ పేరు లిస్టులో లేదంటారు. పరిహారం లేదు, బీమా లేదు, కొనుగోలు కేంద్రంలో ధాన్యం అమ్ముకుందామన్నా దారిలేదు. ఆయన అప్పుకు వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. సంతకం పెట్టిన మనిషి ఆయన్ని ఎప్పుడూ చూసి ఉండడు.

రసాయన ఫ్యాక్టరీల్లో హాట్ వర్క్ పర్మిట్ అని ఒక కాగితం ఉంటుంది. వెల్డింగ్ చేసే ముందు ఆ చోట మండే ఆవిరి ఉందేమో మీటరుతో చూడాలి, పైపులు మూసి తాళం వేయాలి, నీళ్లగొట్టంతో ఒక మనిషిని కాపలా పెట్టాలి. ఇవన్నీ చూశాననే దానికే ఆ సంతకం. అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న 17 మంది పోయారు. పాశమైలారంలో 2025 జూన్ 30న 50 మందికి పైగా పోయారు, వారిలో 8 మంది ఆచూకీ కూడా దొరకలేదు. ఆ రెండు ప్రమాదాలూ ఒక తీరువి కావు. అయినా ఆ రెండు పేర్లు చదివినవాళ్లు ఏ పర్మిట్ మీదైనా కుర్చీలో కూర్చుని సంతకం ఎలా పెట్టగలరు?

ఎందుకు పెడతారో మాకు తెలుసు. సంతకం పెట్టే ప్రతివాడూ దొంగ కాదు. నిజానికి చాలామందికి ఇందులో దమ్మిడీ లాభం లేదు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరి నెత్తిన పడుతుంది. రాత్రి డ్యూటీలో వార్డంతా చూసుకునే నర్సు ప్రతి మంచం దగ్గరా నాలుగు గంటలకోసారి జ్వరం, బీపీ చూసి కేస్ షీట్‌లో రాయాలంటే, మధ్యలో ఒక్క రోగికి సీరియస్ అయితే మిగతా గడులు ఎవరు నింపుతారు? తెల్లారేలోపు షీట్ నిండి ఉండాలని పైనుంచి మాట. అందుకే వరుసగా 98.4, 98.4, 98.4. రోడ్ల శాఖలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) చేతికి ఎం-బుక్, అంటే పని కొలతలు రాసే పుస్తకం వస్తుంది. కొలతలు వేయకముందే బిల్లు పంపమని ఫోన్ వస్తుంది. "పెట్టేయవయ్యా, అందరూ పెట్టేదేగా, నీకెందుకు టెన్షన్" అనే పెద్దమనిషి ఒకరుంటారు. ఆయన నోటిమాటతోనే అంతా నడిపిస్తారు, ఎక్కడా తన సంతకం పడనీయరు. రేపు ఏదైనా జరిగితే సస్పెన్షన్ ఏఈకే. చూడకుండా సంతకం పెట్టడం తప్పయితే, పెట్టించడం అంతకు మించిన తప్పు. కింది ఉద్యోగికి నీతిపాఠాలు చెప్పే శిక్షణ తరగతులు ఏటా జరుగుతున్నాయి. ముందు ఈ పాఠం కూర్చోబెట్టి చెప్పాల్సింది ఫోన్ చేసే పెద్దలకు.

పెట్టనన్నవాళ్లూ ఉన్నారు. 1986 జనవరి 27 రాత్రి అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక ప్రయోగానికి ముందు, రాకెట్ బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీరు అలెన్ మెక్‌డొనాల్డ్ ప్రయోగ అనుమతి కాగితం మీద సంతకం చేయలేదు. అంత చలికి బూస్టర్ అతుకుల్లో రబ్బరు రింగులు గట్టిపడితే వేడి వాయువులు బయటికి తన్నుకొస్తాయని ఆయనా, తోటి ఇంజనీర్లూ మొత్తుకున్నారు. ఆయన పై అధికారి సంతకం పెట్టి ఫ్యాక్స్ పంపారు. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకే నౌక ముక్కలైంది, అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. విచారణలో నిజం చెప్పినందుకు కంపెనీ మెక్‌డొనాల్డ్‌ను కిందికి దించింది. చట్టసభ సభ్యులు కలగజేసుకున్నాక మళ్లీ పైకి తెచ్చి, ఆ బూస్టర్లను కొత్తగా రూపొందించే పని ఆయనకే అప్పగించారు.

మన దేశంలో సత్యేంద్ర దూబేకు అలా అండగా నిలిచినవాళ్లు లేకపోయారు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలపై ఆ యువ ఇంజనీరు నేరుగా ప్రధాని కార్యాలయానికి రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు. పేరు బయటికొచ్చింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. ఆ మరణం కదిలించిన కదలికతోనే 2014లో పార్లమెంటు ప్రజావేగుల (అక్రమాలను బయటపెట్టేవారి) రక్షణ చట్టం చేసింది. రాష్ట్రపతి సంతకం కూడా పడింది. ఏళ్లు గడిచినా దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం రాలేదు. చూడనిదాని కింద సంతకం పెట్టవద్దని ఉద్యోగికి చెప్పే ముందు, పెట్టనన్నవాడిని కాపాడే ఈ చట్టాన్ని ఢిల్లీ అమలు చేయాలి. అందాకా రెండు తెలుగు రాష్ట్రాలూ తమ పరిధిలో ఒక ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఏ రిజిస్టరులోనైనా, ఏ యాప్‌లోనైనా "చూడలేదు, కారణం ఇది" అని రాసే గడి ఒకటి ఉండాలి. అలా రాసినందుకు ఎవరినీ బదిలీ చేయకూడదు, మెమో ఇవ్వకూడదు. ఇవాళ అన్ని గడులూ నిండితేనే ఫారం ముందుకు కదులుతుంది. నిజం రాయడానికి చోటు లేనప్పుడు మనిషి అబద్ధమే నింపుతాడు.

యంత్రాలు పెడితే సరిపోతుందన్న నమ్మకమూ మాకు లేదు. వేలిముద్ర మిషన్ పెడితే హైదరాబాద్ పారిశుద్ధ్య విభాగంలో నకిలీ వేలిముద్రలు తయారయ్యాయి. ముఖం గుర్తుపట్టే యాప్ పెడితే ఫోటోకు ఫోటో తీసి పంపారు.

మా వృత్తి కూడా దీనికి అతీతం కాదు. వార్త మొదట్లో ఊరి పేరు వేస్తున్నామంటే మా విలేకరి ఆ ఊరు వెళ్లి చూశాడని పాఠకుడికి మాటిస్తున్నట్టే. ఫోన్‌లో విని, వాట్సాప్‌లో వచ్చింది దిద్ది, ఊరి పేరు తగిలించిన సందర్భాలు పత్రికల్లో ఉన్నాయి. అదీ చూడకుండా పెట్టిన సంతకమే. ఇకపై వెళ్లని చోటి పేరు వార్త మీద వేయకూడదని మా డెస్కులకు చెప్పాం. పాఠకులకు ఎక్కడైనా తప్పు కనబడితే నిలదీయాలని కోరుతున్నాం.

సంతకాన్ని నిలదీసే పద్ధతి మన నేలమీదే వేళ్లూనుకుంది. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని ఊరూరికీ తీసుకెళ్లింది. కూలీల హాజరు పట్టీ, అంటే మస్టర్ రోల్ తెచ్చి గ్రామసభలో గొంతెత్తి చదివేవారు. ఫలానా మనిషి ఇన్ని రోజులు పనిచేశాడు, ఇంత కూలి తీసుకున్నాడు అని. ఆ మనిషి పోయి ఏడాదైందని చెప్పడానికి ఆడిటర్ అక్కర్లేదు, పక్కింటి అవ్వ చాలు. కోట్ల రూపాయల తేడాలు అలా బయటపడ్డాయి, కొంత సొమ్ము వెనక్కీ వచ్చింది. ఈ-క్రాప్ జాబితాలను రైతు సేవా కేంద్రం గోడకు అంటిస్తున్నారు. చదువు రాని కౌలు రైతుకు ఆ కాగితం గోడతో సమానం. వచ్చే సీజన్ నుంచి గడువు ముగియకముందే ఆ జాబితాను సాయంత్రం పూట, చేలనుంచి జనం ఇళ్లకు చేరాక, సర్వే నంబరుతో, పంటతో, సాగుచేసేవారి పేరుతో గ్రామసభలో చదివించాలని, పొలం చూసి రాసిన ఉద్యోగి ఆ సభలో ఉండి జవాబు చెప్పేలా చూడాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాం.