పట్టపగలు పచ్చచుక్క

మన దేశంలో సరుకు రవాణా సమస్య తీరిపోయింది. ఆ సంగతి సరుకుకే ఇంకా చేరలేదు.

నమ్మనివాళ్ళు లెక్కలు చూసుకోవచ్చు. సరుకును ఇక్కణ్ణించి అక్కడికి చేర్చడానికి మనం జీడీపీలో 13, 14 శాతం తగలేస్తున్నామని ఏళ్ళ తరబడి సభల్లో విన్నాం, పేపర్లలో చదివాం. 2022 సెప్టెంబరు 17న జాతీయ లాజిస్టిక్స్ విధానం తెచ్చినప్పుడు దీన్ని ఒంటి అంకెకు దించుతామన్నారు. 2025 సెప్టెంబరులో కొత్త లెక్క బయటికొచ్చింది: 7.97 శాతం. పాతవన్నీ ఉజ్జాయింపు అంకెలట, ఇప్పుడు పద్ధతిగా కూడితే తేలింది ఇంతేనట. ఒక్క టైరు కదలకుండా, ఒక్క వ్యాగను పట్టాలెక్కకుండా ఖర్చు ఇంచుమించు సగమైంది. మా ఇంటి పద్దు కూడా వచ్చే నెల నుంచి ఇదే పద్ధతిలో రాద్దామని తీర్మానించాను. పాలవాడు ఒప్పుకుంటే చాలు.

ఇక అసలు విషయం. లారీ, రైలు, ఓడ, పడవ, విమానం ఎవరి దారి వారిదిగా తిరగడం వల్లే మన సరుకుకు ఈ గతి పట్టిందని పెద్దలు కనిపెట్టారు. అందుకే 2021 అక్టోబరు 13న వీటన్నిటినీ కలిపి నడిపించే గతిశక్తి ప్రణాళిక వచ్చింది. ఆ వెనకే యూలిప్ అనే ఉమ్మడి వేదిక వచ్చింది. బండ్ల రిజిస్ట్రేషన్లు, డ్రైవర్ల లైసెన్సులు, ఫాస్టాగ్, రైల్వేవాళ్ళ గూడ్సు రైళ్ళ చిట్టా, కస్టమ్స్, ఓడరేవులు, ఇలా 30కి పైగా ప్రభుత్వ వ్యవస్థల్ని ఒకే పందిరి కిందికి తెచ్చారు. ఇంతమంది పెద్దలు ఒక పందిట్లో కూర్చున్నాక పెళ్ళి ఆగుతుందా? పెళ్ళికూతురు రావడమే తరువాయి. మా కథలో ఆ పెళ్ళికూతురు ఒక లారీ గుంటూరు మిర్చి.

మా మేనమామ గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. నలభై ఏళ్ళుగా ఢిల్లీ మసాలా బజారు ఖారీ బావ్‌లీకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పంపిస్తున్నాడు. ఈ ఏడు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసువాళ్ళు ఆయన ఫోన్లో ఒక యాప్ వేసి పెట్టారు. లారీ ఎక్కడుందో ఎవర్నీ అడగక్కర్లేదు, మ్యాపులో పచ్చచుక్క చూసుకుంటే చాలన్నారు. నేను పత్రికలకు రాస్తానని, అంచేత నాకు అన్నీ తెలుసునని మామయ్య నమ్మకం. మూడోరోజు పొద్దున ఫోన్ నా చేతిలో పెట్టి, "ఒరే అబ్బాయ్, ఈ చుక్క ఏమంటోందిరా?" అన్నాడు.

చుక్క హైదరాబాదు అవతల ఒక చెరువు మధ్యలో ఉంది.

నేను కంగారుపడలేదు. స్మార్ట్ రవాణాలో ఒకే సాక్షి మాట మీద నిలబడకూడదు. ఫాస్టాగ్ సందేశం తీశాం. చివరిసారి డబ్బు కట్ అయింది పంతంగి టోల్‌గేట్ దగ్గర, మొన్న రాత్రి. ఫాస్టాగ్ పాపం అంతవరకే చెబుతుంది. గేటు దాటాక బండి ఏమైందన్నది దాని పరిధిలోది కాదు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసువాళ్ళు డ్రైవరు సిమ్ కార్డు జాడ తీశారు. సిమ్ చిలకలూరిపేటలో ఉంది. డ్రైవరు పాత ఫోన్ ఇంట్లో పిల్లలకిచ్చి, కొత్త నంబరుతో బయల్దేరాడని తర్వాత తెలిసింది. మిగిలింది ఈ-వే బిల్లు, సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం. అది జ్యోతిష్యంలాంటిది, సరుకు ఎక్కడుందో చెప్పదు, ఎన్నాళ్ళు బతుకుతుందో చెబుతుంది. రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన మా మిర్చికి పది రోజుల ఆయుష్షు రాసిపెట్టి ఉంది.

ఒక లారీ, నలుగురు సాక్షులు, మూడు చోట్లు. మూడూ ఒకే తెరమీద కనిపించాయి. సమన్వయం అంటే ఇంతకన్నా ఏం కావాలి?

మామయ్య కాసేపు తెర వంక చూసి, చొక్కా జేబులోంచి అట్టలూడిన చిన్న నోటుబుక్కు తీశాడు. అందులోంచి నంబరు చూసి క్లీనరు కుర్రాడికి ఫోన్ కలిపాడు. "ఎక్కడున్నార్రా?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు దేశంలో ప్రతి లారీ నుంచీ వచ్చే జవాబు ఒక్కటే: "దగ్గర్లోనే సార్, వచ్చేస్తన్నాం." ఆయన అడిగింది, "ఏరా, ఏం తిన్నారు?"

"పోహా సార్. పైన శనగల రసం పోశారు, కారంగా బానే ఉంది."

"నాగపూర్ దాటుతున్నార్రా," అన్నాడు మామయ్య ఫోన్ పెట్టేసి. అన్నం, పప్పు అంటే ఇంకా ఆదిలాబాదు దాటలేదని అర్థం. జొన్నరొట్టె అంటే విదర్భలో పడ్డట్టు. పరాఠాలు మొదలైతే ఆగ్రా దరిదాపుల్లో ఉన్నట్టు. అబద్ధమాడే డ్రైవరు కూడా తిండి విషయంలో ఆడడట, ఎందుకంటే అక్కడ అబద్ధమెందుకో వాడికి తోచదు. ఉపగ్రహాలు లేవు, సిగ్నల్ పోవడం లేదు, నెలవారీ చందా అసలే లేదు. దీన్ని యూలిప్‌లో చేర్చమని అర్జీ పెట్టాలని నా ఉద్దేశం.

"అయినా ఇన్ని తిప్పలెందుకు మామయ్యా, రైలుకు వేసెయ్యొచ్చుగా?" అన్నాను. 1951లో దేశంలోని సరుకులో 80 శాతానికి పైగా రైలే మోసేది. అదిప్పుడు మూడో వంతుకన్నా కిందికి పడిపోయింది. 2030కల్లా 45 శాతానికి లేపుతామని జాతీయ రైలు ప్రణాళిక చెబుతోంది. ఇదంతా వల్లించాను.

ఇక్కడ వేళాకోళం కాసేపు పక్కన పెట్టి ఒక మంచిమాట చెప్పాలి. 2020 జులైలో, కరోనా వల్ల సరిహద్దుల్లో లారీలు ఆగిపోయినప్పుడు, గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చి పార్సిల్ రైలు వెళ్ళింది. 16 వ్యాన్లు, 384 టన్నులు. అంతకుముందు గూడ్సు రైలు కావాలంటే ఒక్కసారే 1,500 టన్నులు పోగెయ్యాలి. చిన్న వ్యాపారికి అది జన్మలో కుదిరే పని కాదు. పార్సిల్ రైలుకు 500 టన్నుల్లోపు చాలు. టన్నుకు 4,608 రూపాయలయింది, రోడ్డు మీదైతే 7,000. అంటే కావాలంటే చెయ్యగలరు. అందులో పెద్ద సాంకేతికత కూడా ఏం లేదు, రైల్వే ఉద్యోగులు యార్డుకొచ్చి వ్యాపారులతో కూర్చుని మాట్లాడారు.

మామయ్యకూ ఆ రైలంటే గౌరవమే. "పట్టాల మీద ఉన్నంతసేపు రైలు చవకేరా," అన్నాడు. "పట్టాల దాకా రావాలిగా!"

అదేంటో చూపిస్తానని యార్డులోకి తీసుకెళ్ళాడు. నలభై కిలోల పైచిలుకు టిక్కీ. కాటా మీంచి ఒక హమాలీ వీపు మీదికి, వీపు మీంచి లారీలోకి. ఎగుమతి కూలి. గూడ్సు షెడ్డు దగ్గర లారీ దిగాలి. దిగుమతి కూలి. వ్యాగన్‌లోకి మళ్ళీ ఎగుమతి. అవతలి స్టేషన్లో దిగుమతి. అక్కడ ఇంకో లారీ, ఇంకో ముఠా, ఇంకో రేటు. వాన పడితే పట్టా ఎవరు కప్పాలన్న దానిమీద అరగంట వాదన. చెయ్యి మారినప్పుడల్లా కొక్కెం పడి గోతానికి ఒక చిల్లు, చిల్లులోంచి గుప్పెడు మిర్చి. లారీకైతే ఇక్కడొకసారి ఎక్కితే అక్కడొకసారి దిగుతుంది. ఇలా లారీ, రైలు మార్చి సరుకు పంపడాన్ని ప్రభుత్వం మల్టీమోడల్ అంటుంది, దాన్నే మా యార్డులో చిల్లుల లెక్కన కొలుస్తారు.

ఈ చేతులు మారే చోటే ఖర్చంతా. ఆ చోట ఏ తెరా లేదు, ముఠా మేస్త్రి ఉన్నాడు. ఆయన చెవిమీద బీడీ పెట్టుకుని, "ఇయ్యాల పని కాదండీ, రేపు పొద్దున చూద్దాం" అంటే గతి ఉండదు, శక్తి ఉండదు. దేశమంతా 35 మల్టీమోడల్ లాజిస్టిక్స్ పార్కులు కట్టాలని నిర్ణయించారు. అవి పూర్తయినప్పుడు ఒక్కో పార్కుకు ఒక్కో మేస్త్రిని సీఈఓగా వేస్తే, నా మాట రాసిపెట్టుకోండి, మర్నాడే సమన్వయం కుదురుతుంది.

నీళ్ళదారి ఊసు కూడా ఎత్తాలి, లేకపోతే పాలసీ పత్రం నిండుగా ఉండదు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు, గోదావరి, కృష్ణ కలిపి నాలుగో జాతీయ జలమార్గం. 2008లో ప్రకటించారు, 2016లో దాని పొడవు 2,890 కిలోమీటర్లకు పెంచారు. కాలువ పొడవు పెంచడం కన్నా చట్టంలో పొడవు పెంచడం తేలిక. మా తాతగారి చిన్నతనంలో కొమ్మమూరు కాలువలో ధాన్యం పడవలు నడిచేవట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు లాగే మనుషులు. రైళ్ళకన్నా పడవ కాలువలే ఈ దేశానికి చవకని కాటన్ దొర ఆ రోజుల్లోనే పోరాడి ఓడిపోయాడు. ఇప్పుడు అదే మాట రంగుల పటాలతో చెబుతున్నాం. పటంలో కాలువ నీలంగా ఉంటుంది. కాలువలో గుర్రపుడెక్క పచ్చగా ఉంటుంది. పచ్చ అంటే యాప్‌లో అంతా సవ్యంగా ఉన్నట్టే కదా.

ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలే ఇందులో బోర్లాపడ్డాయి లెండి. ఓడల వ్యాపారంలో పెద్దన్నలాంటి మర్స్క్, కంప్యూటర్ల ఐబీఎం కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ అని ఒక వేదిక పెట్టాయి. బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి కంప్యూటర్ ఖాతా మీద ప్రపంచ సరుకు చిట్టా అంతా ఒకేచోట రాద్దామన్నారు. 2022 నవంబరులో మూసేస్తున్నట్టు ప్రకటించారు. పరిశ్రమ మొత్తం కలిసి రాలేదని కారణం చెప్పారు. మామయ్యకు ఇది చెబితే బ్లాక్‌చెయిన్ అంటే ఏంటని కూడా అడగలేదు. "పోటీవాడి చిట్టాలో మన సరుకు ఎవడు రాయిస్తాడ్రా?" అన్నాడు. నోటుబుక్కు ఇప్పటిదాకా నాకు కూడా చూడనివ్వలేదు మరి.

ఏడోరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్ మోగింది. యాప్ సందేశం: మీ సరుకు విజయవంతంగా చేరింది. పచ్చచుక్క ఖారీ బావ్‌లీ నడిబొడ్డున వెలుగుతోంది. కింద అయిదు ఖాళీ చుక్కలు, మా సేవ ఎలా ఉందో చెప్పండి అంటూ.

మామయ్య ఎడమచేత్తో క్లీనరుకు ఫోన్ చేశాడు.

"ఏరా, తిన్నారా?"

"ఆలూ పరాఠా సార్, రెండేసి. ఢిల్లీ బయటే ఆపేశారు. పగలు పెద్ద బండ్లకి నో ఎంట్రీ అంట, రాత్రికి గానీ వదలరంట."

"సరే, పట్టా చూసుకోండి. మబ్బు పట్టిందేమో."

ఫోన్ పెట్టేసి, ఆ సందేశం నా ముందుకు జరిపాడు. "చుక్కలు చూపించమంటున్నార్రా. ఎన్ని నొక్కమంటావ్?"