పక్షులకు యూనిఫాం ఎప్పుడు?

ప్రపంచంలో దాదాపు పదివేల పక్షి జాతులున్నాయి. ఒక్కదానికీ డ్రెస్ కోడ్ లేదు. దీని మీద ఇంతవరకూ ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. జాతికో రంగు అంటే పోనీ అని సర్దుకుపోవచ్చు. ఒకే గూట్లో పుట్టిన తోబుట్టువులు కూడా తలో రంగులో తిరుగుతుంటే పెద్దవాళ్లు చూస్తూ ఊరుకోవాలా?

డార్విన్ మొదట్లో నా పక్షమే. నెమలి ఈకను చూసినప్పుడల్లా తనకు వికారం పుడుతోందని 1860లో ఒక ఉత్తరంలో రాశాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! 1871కల్లా మెత్తబడిపోయి, ఆడ నెమళ్లు తరతరాలుగా ఏరి ఏరి ఎంచుకోవడం వల్లే మగవాటికి ఆ సింగారమంతా వచ్చిందని పుస్తకంలో రాసేశాడు. అల్లరికి కారణం దొరికినంత మాత్రాన అది అల్లరి కాకుండా పోతుందా?

నేను మాత్రం పట్టు వదల్లేదు. పక్షుల యూనిఫాంకు ముసాయిదా రాయడానికి కూర్చున్నాను. ఆదర్శంగా కాకిని పెడదామనుకున్నాను. తల నుంచి తోక దాకా నలుపు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. తీరా చూస్తే యూరప్‌లో పడమటి కాకులు పూర్తి నలుపు, తూర్పు కాకులు నలుపు మీద బూడిద రంగు బనీను తొడుక్కున్నట్టుంటాయి. రెండూ కలిసేచోట కాపురాలు కూడా పెడుతున్నాయి. 2014లో వాటి జన్యువులన్నీ చదివితే తేడా ఒక శాతం కూడా తేలలేదు. ఆ కాస్త తేడాలో కూడా ముఖ్యమైనది రంగుకూ చూపుకూ సంబంధించిన వ్యవహారమే. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నారు గానీ, ఏ రంగు కాకికో ఎవరూ చెప్పలేదు.

సరే, ఎరుపు పెడదామా? నలుపు, గోధుమ రంగులకు కావలసిన మెలనిన్‌ను పక్షి ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. ఎరుపు, పసుపు రంగులిచ్చే కెరోటినాయిడ్లను మాత్రం చాలా పక్షులు తిండి నుంచే తెచ్చుకోవాలి. ఫ్లెమింగో పిల్ల బూడిద రంగులో పుట్టి, నాచూ రొయ్యలూ తిని తిని గులాబీ అవుతుంది. ఆ తిండి దొరక్కపోతే వెలిసిపోతుంది. హౌస్ ఫించ్ అనే పిట్టల్లో ఆడవి మరింత ఎర్రగా ఉన్న మగవాడినే ఇష్టపడతాయి. అంటే వాటి దృష్టిలో ఎరుపు అందం కాదు, జీతం చీటీ. యూనిఫాం ఇస్తే ఉతుక్కుంటారు గానీ, నమిలి మింగి సంపాదించుకోమంటే ఏ గుమాస్తా ఒప్పుకుంటాడు?

అన్నిటికన్నా నా నిద్ర చెడగొట్టింది రఫ్ అనే నీటి ఒడ్డు పక్షి. వీటిలో మగవాళ్లు మూడు రకాలు. మొదటి రకం మెడ చుట్టూ ముదురు రంగు ఈకల పట్టీతో, ఆడపక్షుల్ని మెప్పించే జాగా కోసం కొట్టుకుంటూ బతుకుతారు. రెండో రకం తెల్లపట్టీ వాళ్లు. వీళ్లకు సొంత జాగా ఉండదు, పోట్లాట ఉండదు, పక్కవాడి రంగస్థలం మీద నిలబడి తమ పని చూసుకుంటారు. మూడో రకం అచ్చం ఆడపక్షిలా ఉంటాడు. పహిల్వాన్లు కొట్టుకుంటుండగా సందు చూసుకుని ఆడపక్షుల దగ్గరికి దూరిపోతాడు. ఇది ఒక్కరోజు అల్లరి కాదు. సుమారు 38 లక్షల ఏళ్ల కిందట ఒక క్రోమోజోమ్ ముక్క తలకిందులై అతుక్కుంది. రంగూ, ఒళ్లూ, స్వభావమూ కలిపి ఒకే మూటగా పిల్లలకు అందుతున్నాయి. ఆ తిరగబడ్డ ముక్క తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే పిల్ల బతకదు. ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకుని కూడా ఆ మూట ఇన్ని లక్షల ఏళ్లుగా చేతులు మారుతూనే ఉంది. నేను రాసిన సర్క్యులర్ ఏదీ ఇప్పటిదాకా రెండో వారం చూడలేదు.

ఇక మెజారిటీ సూత్రమే శరణ్యమనుకున్నాను. ఎక్కువమందిది ఏ రంగైతే మిగతావాళ్లూ అదే వేసుకోవాలి, ప్రజాస్వామ్యం. అప్పుడు కక్కూ పక్షి అడ్డొచ్చింది. గుడ్లు పరాయి గూట్లో పెట్టే రకం కదా, బూడిద రంగు ఆడపక్షి డేగలా కనిపించి గూటివాళ్లను హడలగొడుతుంది. ఇరుగుపొరుగు ఒకసారి దాని గుట్టు తెలుసుకుని తరిమితే, చూసినవాళ్లంతా బూడిద రంగు మీద కన్నేసి ఉంచుతారు. ఆ సమయంలో ఇటుక రంగు ఆడపక్షి నింపాదిగా పని ముగించుకుని పోతుంది. బూడిద పెరిగితే ఇటుకకు లాభం, ఇటుక పెరిగితే బూడిదకు లాభం. మెజారిటీలో చేరడమే అక్కడ నేరం!

ఏ ఎండకా గొడుగు పట్టడంలో ఫిన్లాండ్ గుడ్లగూబలు ఇంకో ఆకు ఎక్కువే చదివాయి. టానీ గుడ్లగూబల్లో బూడిద రంగువీ గోధుమ రంగువీ ఉంటాయి. మంచు దట్టంగా పడిన చలికాలాల్లో గోధుమవి ఎక్కువగా చచ్చేవి. చలికాలాలు మెత్తబడేసరికి అవే పెరుగుతున్నాయి. యూనిఫాం విషయంలో వాతావరణ శాఖను కూడా సంప్రదించాలన్నమాట. ఇదో టెన్షన్.

చివరికి నీలం ఖాయం చేశాను. గంభీరమైన రంగు, తిండితో పని లేదు. నమూనా కోసం ఒక నీలి ఈకను నూరి చూద్దునా, మట్టిరంగు పొడి మిగిలింది. ఈకలోని సన్నని గాలి గదుల అమరిక వల్ల వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుందట. నీలం రంగు పదార్థమంటూ ఏమీ లేదు. లేని రంగుకు టెండర్ ఎలా పిలవాలి?

అయినా నిరాశ పడలేదు. బ్లూ టిట్ అనే బుల్లి పిట్టలో ఆడా మగా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఎంత ముచ్చటేసిందో! ఈ ఏటి క్రమశిక్షణ పతకం దానికేనని ప్రకటించేశాను. తర్వాత తెలిసింది, మగదాని నెత్తి మీద ఆడదాని కన్నా ఎక్కువగా అతినీలలోహిత కాంతి మెరుస్తుందని. ఆ కాంతి పక్షులకు కనిపిస్తుంది, మనకు కనిపించదు. ఇన్నాళ్లూ నా కళ్లెదుటే సింగారించుకుని తిరిగాయి.

పతకం వెనక్కి పంపమని ఉత్తరం రాశాను. జవాబు లేదు.