ఇసుక ఖాళీగా ఉందని ఎలా చెబుతారు?

‘విశాఖ సముద్రంలో ఇసుక, అలలు తప్ప చూడ్డానికేం లేదు. పగడాలు చూడాలంటే అండమాన్ వెళ్ళాలి. మన తీరమంతా ఒకటే, ఏ నెలలో వెళ్ళినా అవే నాలుగు పీతలు.’ వాట్సాప్‌లో ఈ ఫార్వర్డ్ బాగా తిరుగుతోంది. అండమాన్‌లో ఉన్నట్టు పగడపు దిబ్బలు మనకు లేవు, నిజమే. మిగతాదంతా తప్పు.

ఇసుక ఖాళీయా? రామకృష్ణా బీచ్‌లో అల వెనక్కి జారేటప్పుడు వంగి చూడండి. చిన్న గుడ్డులా ఉండే ఇసుక పీత వెనక్కి వెనక్కి ఇసుకలోకి దిగిపోతుంది. ఈకల్లాంటి మీసాలు మాత్రం పైకి పెట్టి, జారే నీళ్ళలోంచి తిండి వడగట్టుకుంటుంది. కంటికి ఆనని జీవులు ఇంకా ఎన్నో. ఆంధ్రా యూనివర్సిటీకి చెందిన పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు 1960ల్లో వాల్తేరు ఇసుక రేణువుల సందుల్లో బతికే జంతువుల మీదే పరిశోధన చేశారు.

తీరమంతా ఒకటే అన్నది ఇంకో మాట. విశాఖ రాళ్ళకు అతుక్కున్న బార్నకిల్స్ అనే గట్టి పెంకు జీవులు, నీళ్ళు వెనక్కి తగ్గే ఆటు వేళ గంటల తరబడి ఎండను ఓర్చుకుంటాయి. కాకినాడ పక్కన కోరింగ మడ అడవికి వెళ్తే అంతా బురదే. అక్కడ ముందుకాలు ఒకటి మాత్రం దాదాపు ఒళ్ళంత ఉండే ఫిడ్లర్ పీత, దాన్ని ఊపుతూ ఆడపీతను పిలుస్తుంది.

ఏ నెలైనా అవేనా? అసలు పొరపాటు ఇక్కడే. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది. ఆ రోజుల్లోనే విశాఖ దగ్గర అడుగునుంచి చల్లటి నీళ్ళు పోషకాలతో పైకొస్తాయి. నీళ్ళలో తేలే సూక్ష్మమైన మొక్కలు పెరుగుతాయి, వాటిని తినే జీవులూ పెరుగుతాయి. వానలు పడ్డాక గంగ, మహానది, గోదావరి వరద నీళ్ళు కలిసి పై నీటిలో ఉప్పు బాగా తగ్గుతుంది. అక్టోబరుకల్లా ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. బార్నకిల్స్, ఆల్చిప్పలు, పీతలు చిన్నప్పుడు నీటివాటుకు కొట్టుకుపోయేవే కదా! ప్రవాహం దిక్కు మారితే అవి చేరే చోటూ మారుతుంది. తక్కువ ఉప్పుకు ఓర్చుకోగలిగినవే అక్కడ నిలుస్తాయి.

అందుకే ఒక్కరోజు వెళ్ళి ఫోటో తీసి ‘ఖాళీ తీరం’ అని రాస్తే నాకు బాధేస్తుంది. అదే రాయిని ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, రెండుసార్లూ ఆటు వేళకే వెళ్ళి చూడండి. చిన్న రాయిని ఎత్తితే మాత్రం మళ్ళీ అలాగే బోర్లించండి, కిందున్నవి ఎండకు చచ్చిపోతాయి.